మల్కాపురం దుమ్ముకి మూడు క్లే ముద్దలు

వృత్తి అనుభవాలు రాసేవాళ్లకి సాధారణంగా తెల్ల మీసాలుంటాయి, గోడ మీద శాలువా కప్పించుకున్న ఫొటో ఉంటుంది. నాకు రెండూ లేవు. కార్ల రంగుకి మెరుగు పెట్టే పనిలోంచి ముప్పై నాలుగో ఏట రిటైరయ్యాను. కారణం కుడి మణికట్టు. డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తిపట్టుకుని చాలాసేపు చూసి, ఏం పని చేస్తారని అడిగాడు. కార్లు నిమురుతానండీ అన్నాను. ఆయన ఎక్స్‌రే దించి నన్ను చూశాడు.

ఇప్పుడు గాజువాకలోనే మా బామ్మర్ది మోటారు పంపుల షాపులో కౌంటరు దగ్గర కూర్చుంటున్నాను. పంపు కొనేవాడెవడూ దాన్ని చెంపకి ఆనించుకుని నునుపు చూసుకోడు. నీళ్లొస్తే పట్టుకెళ్తాడు, రాకపోతే తిడతాడు. ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న కుర్రాళ్లు అప్పుడప్పుడు షాపుకొచ్చి, అన్నా, ఏ క్లే బార్ మంచిదని అడుగుతుంటారు. వీడియోల్లో అన్నీ మంచివేనట. ఆ వీడియోలు తీసిన ఊళ్లు వేరు. మన ఊరు వేరు. అందుకని నాకు తెలిసింది ఒకసారి రాసి పడేస్తే, పంపులు ప్రశాంతంగా అమ్ముకోవచ్చు.

అసలు పని

ఒక పక్క సముద్రం, ఒక పక్క ఉక్కు, ఇంకో పక్క బొగ్గు, మధ్యలో మన కారు. ఆరుబయట పెట్టిన కారు మీద తెల్లారేసరికి వేలితో పేరు రాసుకోవచ్చు. కడిగితే పైపైది పోతుంది. ఇనుప రజను మాత్రం రంగులో దిగబడి కాపురం పెడుతుంది. తెల్ల కారైతే కొన్నాళ్లకి నారింజ రంగు చుక్కలుగా బయటపడుతుంది. అప్పుడు ఓనరు పరుగున వచ్చి, కారంతా తుప్పు పట్టేసిందని గుండె పట్టుకుంటాడు. తుప్పు పట్టింది కారుకి కాదండీ, దాని మీద పడిన గాలికి అని చెప్పి కుర్చీ వెయ్యాలి. ఈ పనిలో సగం కుర్చీ వెయ్యడమే.

మిగతా సగం క్లే. పేరులో మట్టి ఉందిగానీ అది మట్టి కాదు, పిల్లలు పాములూ ఏనుగులూ చేసుకునే ముద్దలాంటిది. కారు కడిగాక షాంపూ నీళ్లు చల్లి, ముద్దని చపాతీలా వత్తి, బరువెయ్యకుండా తిన్నగా జారిస్తే ఇరుక్కున్న రజనంతా దానికి అంటుకుని వస్తుంది. మొదట గరగరమంటుంది. చప్పుడు ఆగితే పని అయినట్టు. ముద్ద నల్లబడగానే మడిచి మళ్లీ వత్తాలి. కింద పడితే పారెయ్యాలి. ఎవరూ చూడకపోయినా పారెయ్యాలి, ఎందుకంటే ఇసక రేణువు చూసింది.

క్లే కావాలో అక్కర్లేదో తేల్చుకోడానికి పెద్ద మిషన్లేం లేవు. కూరగాయల కొట్లో ఇచ్చే పల్చటి పాలిథిన్ కవరు చాలు. అది చేతికి తొడుక్కుని కారు మీద నిమిరితే, ఉత్త చేతికి నున్నగా తగిలిందే గరుకు కాగితంలా తగులుతుంది. నేను ప్రతి కస్టమరుకీ ఆ కవరు తొడిగేవాణ్ణి. నా చెయ్యి ఇంత మర్యాదగా పెళ్లిలో కూడా ఎవరూ పట్టుకోలేదన్నాడొకాయన. ఆయన కారు కూడా అంతే మర్యాదగా చేసి పంపాం.

మా సత్తిబాబు గారు

మా ఓనరు సత్తిబాబు గారిది గోదావరి జిల్లా. మనిషి మంచివాడు. కాకపోతే ఆయనకి కార్లు కనపడవు, పేషెంట్లు కనపడతారు. ఏ కారొచ్చినా చుట్టూ ఓసారి తిరిగి, బోనెట్టు మీద చెయ్యేసి, గొంతు తగ్గించేవారు. "ఇంకో నెల ఆగుంటే చెయ్యి దాటిపోయేదండి. ఏదో మీ అదృష్టం." కడిగి తుడిస్తే సరిపోయే కారుకి కూడా ఇదే మాట. కస్టమరు మొహం పాలిపోయేది. నేను వెనకనుంచి, మామూలు దుమ్మేనండీ, టీ తాగి రండి అనేవాణ్ణి. దీనివల్ల మా ఇద్దరికీ ఓ ఒప్పందం కుదిరింది. భయపెట్టడం ఆయన డ్యూటీ, నవ్వించడం నా డ్యూటీ.

క్లేల గురించి ఆయన సిద్ధాంతం ఒక్కటే: గట్టిది గట్టిగా పని చేస్తుంది. ఆ సిద్ధాంతంతోనే ఒకసారి నల్లకారు మొత్తం ఎర్ర గట్టి ముద్దతో రుద్దేశారు. చిటికెలో అయిపోయింది. నీడలోంచి ఎండలోకి తీస్తే కారంతా పలకని తడిగుడ్డతో తుడిచినట్టు మసకగా ఉంది. ఓనరమ్మ వచ్చి, ఇదేంటండీ అంది. కొత్త కాంతి అండి, నాలుగు రోజుల్లో కుదురుకుంటుందన్నారు సత్తిబాబు గారు. ఆవిడ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది. కాంతి కుదురుకోలేదు. రెండు రోజులు మిషన్ పాలిష్ చేస్తేగానీ ఆ మసక పోలేదు. అందులో నేర్చుకోవలసింది, గట్టి క్లే మిగిల్చిన సమయాన్ని పాలిష్ మిషను తీరిగ్గా వడ్డీతో లాక్కుంటుందని. రెండోది, కళ్లజోడున్న కస్టమర్ని తక్కువ అంచనా వెయ్యొద్దని.

మూడు ముద్దలు

మా దగ్గర మూడు రకాలుండేవి. విదేశం నుంచి వచ్చే పసుప్పచ్చ మెత్తది, ఆన్‌లైన్లో దొరికే నీలం రంగు మధ్యరకం, ఇందాక చెప్పిన ఎర్రది.

ఎర్రదాని గురించి చెప్పేశాను. లారీ క్యాబిన్లకీ, మొండి తెల్ల కార్లకీ, అద్దాలకీ వాడండి. అద్దం మీద అది బంగారం. నల్ల, ముదురు నీలం కార్ల దగ్గరికి దాన్ని తీసుకెళ్లకండి. ఇష్టం లేని చుట్టాన్ని పెళ్లికి పిలవనట్టే మర్చిపోండి.

నీలంది నమ్మకస్తుడు. గొప్పగా చెయ్యదు, చెడగొట్టదు. మన ఊరి ఎండకి ఆగుతుంది. వచ్చే కార్లలో చాలావాటికి ఇదే చాలు. కొత్తగా షాపు పెట్టేవాడు ఒక్కటే కొనుక్కోవాలంటే నేను ఇదే చూపిస్తాను. అయితే నల్లకారు మీద ఇది కూడా దగ్గరగా చూస్తే సన్నటి గీతలు వదులుతుంది. దగ్గరగా చూసేవాళ్లే నల్లకార్లు కొంటారు, అదీ చిక్కు.

పసుప్పచ్చది చలిదేశపు పెళ్లికూతురు. రంగు మీద మచ్చ పడనివ్వదు. కానీ విశాఖ ఎండలో పది నిమిషాలకి హల్వా అయిపోతుంది. వేళ్ల మధ్యనించి జారి, డోరుకి అంటుకుని, దాన్ని తియ్యడానికి ఇంకో క్లే కావాలి. సత్తిబాబు గారు అందుకే దాన్ని బీరువాలో పెట్టి, వచ్చినవాళ్లకి చూపించడానికి మాత్రం వాడేవారు. ఆ పెళ్లికూతురితో పని చేయించడం ఎలాగో నాకు తెలిసింది, ఒక చేపల గంప వల్ల. ఇక్కడినుంచి అప్పలనాయుడి కథ.

వెండి చుక్కలు

అప్పలనాయుడిది పద్మనాభం. ఇంటి దగ్గర వరి, మల్కాపురంలో గోడౌన్ ఉద్యోగం, రెంటికీ మధ్య రోజూ బస్సు. కానీ ఆ రోజు పొద్దున్న పదింటికి మా షాపు ముందు కొత్త నల్లకారు దిగాడు. దిగి, కారు పక్కనే నిలబడ్డాడు. చేతిలో కిరసనాయిలు సీసా, పాత లుంగీ ముక్క. మన పల్లెల్లో ఏ మరకకైనా మందు అదే కదా.

కారు ఎడమ పక్కంతా, ముందు డోరు నుంచి వెనక లైటు దాకా, దీపావళి రాత్రి ఆకాశంలా వెండి చుక్కలు. గోడౌన్ పక్కనున్న ఆయిల్ ట్యాంకుకి ఎవడో కంట్రాక్టరు మనుషులు వెండి రంగు స్ప్రే కొడుతున్నారు, సముద్రం గాలి సగం ట్యాంకుకి వదిలేసి సగం ఈ కారుకి పట్టుకొచ్చింది. కారు ఎవరిదన్నాను.

"మా బావదన్నా. నాను సచ్చిపోనాను."

సచ్చిపోయినవాడు కిరసనాయిలు కొనడని చెప్పి కుర్చీ వేశాను. కూర్చున్నాక కథ బయటికొచ్చింది. బావంటే అక్క మొగుడు, రాంబాబు, పోర్టులో ఉద్యోగం, మల్కాపురంలో ఇల్లు. రెండేళ్ల కిందట అప్పలనాయుడి పెళ్లిలో ఎవడో పెద్దమనిషి, ఇంటి పెద్దల్లుణ్ణి పట్టుకుని, మీరు రెండో బంతిలో కూర్చోండి అన్నాడు. రాంబాబు రెండో బంతిలోనూ కూర్చోలేదు. మెతుకు ముట్టకుండానే బస్సెక్కి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి పుట్టింటికీ అత్తింటికీ మాటల్లేవు. అక్క తల్లిని చూడాలంటే ఒక్కతే పొద్దున్నొచ్చి సాయంత్రం బస్సుకి వెళ్లిపోయేది. బంతి అన్నమాట వింటేనే రెండిళ్లలోనూ అందరూ తలలు దించుకునేవారు.

మొన్న తల్లికి కంటి ఆపరేషనైంది. అక్క మొగుడి దగ్గర ఏడ్చిందో, ఏడవలేదో తెలీదు. అప్పలనాయుడు వాళ్లింటికెళ్తే రాంబాబు కారు తాళాలు టీవీ మీద పెట్టి, "అక్కడున్నాయి" అన్నాడట. బామ్మర్దితో రెండేళ్ల తర్వాత మాట్లాడిన మొదటి మాట అది. ఆ కారులోనే నిన్న తల్లిని ఆస్పత్రినించి ఇంటికి చేర్చాడు. ఇవాళ సాయంత్రం డ్యూటీ దిగేసరికి బావకి కారు అప్పజెప్పాలి.

"నన్ను తిడితే తిట్టనీ అన్నా. అక్కనంటాడు. మళ్లీ అక్క రాదు."

సత్తిబాబు గారు కారు చుట్టూ తిరిగారు. బోనెట్టు మీద చెయ్యేశారు. గొంతు తగ్గించబోతుంటే నేనే ముందు, ఇది పోద్దండీ అన్నాను. పోద్దో లేదో నాకూ అప్పటికి ఖాయంగా తెలీదు. కానీ మనిషి మొహం చూస్తే ఇంకో డైలాగు తట్టుకునేలా లేడు. గాల్లో ఎగిరొచ్చిన రంగు సగం ఆరి పడుతుంది, గట్టిగా పట్టుకోదు, అందులోనూ పొద్దుటిదే. ముందు సీసా లాక్కున్నాను. నల్లకారు మీద కిరసనాయిలూ లుంగీ పడుంటే, చుక్కల బదులు చారలుండేవి.

సేపల ఐసు

వెనక డోరు కింద ఎవరి కళ్లూ పడని చోట మూడు ముద్దలూ పక్కపక్కన పెట్టి చూశాం. ఎర్రది రెండు లాగుల్లో చుక్కలన్నీ ఊడ్చేసి, మసక వదిలింది. సత్తిబాబు గారు ఆ మసకని చూసి ఎర్ర ముద్దని డబ్బాలో పెట్టేశారు, కళ్లజోడమ్మ గుర్తొచ్చినట్టుంది. నీలంది తీసింది, సన్న గీతలు మిగిల్చింది. పసుప్పచ్చది ఆరేడు లాగులకి తీసింది, కింద అద్దంలా ఉంది. ఇదే, అనుకునేలోగా చేతిలో హల్వా.

షాపు పక్కనే నూకరత్నం చేపలమ్మేది. తలెత్తి చూస్తే ఆమె గంప మీద ఐసు ముక్కలు నీరు కారుతున్నాయి. వెళ్లి గిన్నెడు అడిగాను.

"కారుకేటి బాబూ, జొరమా?" అంది.

కారుకి కాదు, కారుతో వచ్చినాయనకి అన్నాను. ఆమె అప్పలనాయుడి వైపు చూసి, ఇంకో రెండు ముక్కలు ఎక్కువ వేసింది.

గిన్నెలో నీళ్లు పోసి ఐసులో ముద్దని రెండుగా చేసి వేశాను. ఒకటి చేతిలో, ఒకటి నీళ్లలో. చేతిది మెత్తబడే లోపు దాన్ని నీళ్లలో పడేసి రెండోది తియ్యడం. చల్లటి నీళ్లలోంచి తీసిన మెత్త క్లే ఎంత బుద్ధిగా ఉంటుందంటే, ఇన్నాళ్లూ దీన్నా బీరువాలో పెట్టుకుని కూర్చున్నాం అనిపించింది. ఏ వీడియోలోనూ ఈ ముక్క లేదు. వాళ్లు వేడినీళ్లలో వేసి మెత్తబరచమంటారు. వాళ్ల బాధ అది. మన బాధ ఇది. మంచి క్లే ఏదని అడక్కండి, ఏ ఊరికి, ఏ రంగుకి, ఏ పూటకి అని అడగండి.

ఒక్కో డోరూ నేను చేస్తుంటే సత్తిబాబు గారు నీళ్లు చల్లారు. అప్పలనాయుడు పాలిథిన్ కవరు తొడుక్కుని, నేను చేసి వదిలినచోటల్లా నిమురుతూ వెనకే వచ్చాడు, అన్నం ఉడికిందో లేదో పట్టి చూసినట్టు. వెనక లైటు దగ్గరికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. గరగర ఆగింది. ఎడమ పక్కంతా నల్లటి అద్దం. అప్పలనాయుడు కవరు తీసేసి, ఉత్త చేత్తో ఒకసారి నిమిరి, ఆ చెయ్యే మొహానికి రాసుకున్నాడు.

తర్వాత ముక్కు ఎగబీల్చి, సేపల కంపొస్తందేటన్నా, అన్నాడు.

దుమ్ము

వచ్చేది మరి. ఆ ఐసు అంతకుముందు కొరమేనుల మీదుంది. షాంపూతో రెండుసార్లు కడిగినా వాసన పూర్తిగా పోలేదు. నిజానికి అదీ పెద్ద చిక్కు కాదు. పెద్ద చిక్కు, కారు మెరవడం. చుక్కలు తియ్యడానికి ముందు మొత్తం కడిగాం కదా. ఇలా తళతళలాడుతూ వెళ్తే బావ పట్టేస్తాడన్నాడు అప్పలనాయుడు. అప్పలనాయుడు ఊళ్లో ఉన్న తన బైకునే ఏనాడూ కడిగిన పాపాన పోలేదట, దాని రంగు అతని పెళ్లానికే తెలీదట. అలాంటివాడు అరువు కారు కడిగించి తెచ్చాడంటే, ఏదో జరిగిందనే కదా.

సత్తిబాబు గారు నెత్తి పట్టుకున్నారు. కారు మెరుస్తోందని కస్టమరు ఏడవడం ఆ షాపులో అదే మొదలూ చివరా. నేను మాత్రం, మల్కాపురంలో ఆరుబయట ఓ గంట పెట్టు, మిగతాది ఊరే చూసుకుంటుందన్నాను. ఇన్నేళ్లు ఆ దుమ్ముతో కుస్తీ పట్టాం. ఒక్కసారి సాయమడిగితే కాదనదు.

కాదనలేదు. తర్వాత సంగతి మర్నాడు అప్పలనాయుడు బస్సు దిగి తిన్నగా షాపుకొచ్చి చెప్పాడు. రోడ్డు పక్కన కారు పెట్టి, తను టీ కొట్టు బల్ల మీద కూర్చుని, దుమ్ము పడటం చూశాడట. పంటకి వాన పడుతుంటే కూడా అంత సంతోషంగా చూడలేదన్నాడు. సేపల వాసనకి కారణం కావాలి గనక, మా దగ్గరినుంచి వెళ్లేటప్పుడే నూకరత్నం దగ్గర కొరమేను కొని అక్కకని డిక్కీలో పెట్టుకున్నాడు.

సాయంత్రం ఇంటి ముందు కారు ఆపితే బావ బయటికొచ్చాడు. కారు చుట్టూ నెమ్మదిగా ఒక రౌండు తిరిగాడు. ఎడమ పక్క కొంచెంసేపు నిలబడ్డాడు. చివరికి బావ బోనెట్టు మీద వేలితో గీత గీసి, ఆ వేలు చూపించాడు.

"రెండు రోజులు తిప్పినావు. కడిగించి తేవాలని లేదేటి? పైగా సేపలెక్కించినావు."

ఆ తిట్టు వింటూ అప్పలనాయుడు నవ్వాపుకోలేక చేపల సంచి మొహానికి అడ్డం పెట్టుకున్నాడట. లోపలినుంచి అక్క, ఇద్దరూ ఒక్క బంతినే కూర్చోండి, సేపల పులుసు ఇట్టే ఎట్టేత్తాను అంది. ఆ ఇంట్లో రెండేళ్లుగా ఎవరూ అనని మాట. బావ కాళ్లు కడుక్కోడానికి వెళ్లాడు.

ఎడమ టైర్లు

ఆ తర్వాత కొన్ని నెలలకి, నా మణికట్టు నాకు నోటీసిచ్చే రోజుల్లో, అదే నల్లకారు మా షాపుకొచ్చింది. ఈసారి తోలుకొచ్చింది రాంబాబే. కారు గరుగ్గా తగులుతోంది, ఏదో క్లే అంట, చెయ్యండన్నాడు. నేను ఎవరో తెలియనట్టే మొహం పెట్టుకుని, అలవాటు చొప్పున అతని చేతికి పాలిథిన్ కవరు తొడిగి, కుడి పక్క డోరు మీద పెట్టించాను. గరుకు. చూశారా, అన్నాను.

ఆయన చూశాడు. చూసి, నేను చెప్పకుండానే ఎడమ పక్కకి నడిచాడు. నిమిరాడు. అంత గరుకు లేదు. నేను సీలింగు ఫ్యానుకేసి చూస్తున్నాను. ఆ ఫ్యాను ఎన్నాళ్లుగానో తిరగడం లేదు.

"కుడిపక్కే సెయ్యండి," అన్నాడు. "ఎడంపక్క మీరు ఆ రోజే సేసీసినారు కదా."

ఎలా తెలిసిందని అడగక్కర్లేకుండా, వంగి ఎడమ టైరు చూపించాడు. నల్లటి రబ్బరు మీద, అరిగినవి అరగ్గా, ఇంకా నాలుగైదు వెండి చుక్కలున్నాయి. తర్వాత, షాపు ఇదేనని ఎలా పట్టాడో చెప్తున్నట్టు, గడ్డంతో నూకరత్నం చేపల గంప వైపు చూపించాడు. ముగ్గురం ఆ పూటంతా రంగునే చూశాం. టైర్లకి ఎవరూ క్లే చెయ్యరు, కాబట్టి ఎవరూ చూడనూ లేదు. తమ్ముళ్లూ, కారు అప్పజెప్పేముందు టైర్లు చూసుకోండి. ఈ మొత్తం రాతలో మీకు అన్నిటికన్నా పనికొచ్చే ముక్క బహుశా ఇదే.

మరి ఆ రోజు ఏమీ అనలేదేమండీ, అన్నాను.

"అని ఏటి సెయ్యాల? మళ్లీ మొదటి బంతి, రెండో బంతి. రెండేళ్లు సాల్లేదేటి?" కవరు తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అదీగాక టైర్లు ఒకటే ఒగ్గీసినాడు. అంత పని సేసినోడ్ని ఏటంటాం."

అప్పలనాయుడు ఇంకా భయపడుతూనే ఉన్నాడండీ, చెప్పేస్తే పోద్ది, అన్నాను.

"సెప్పకండి," అన్నాడు రాంబాబు, తాళాలు నా చేతికిస్తూ. "ఆ బయ్యానికే ఆదివారం ఆదివారం కొరమేను తెత్తన్నాడు."